ఉద్యోగం మానేసి వెండి నగలు చేస్తానంటోంది, సరే అనాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 32 ఏళ్ళు. చాలాకాలంగా అకౌంట్స్ ఉద్యోగం చేస్తోంది. ఏడాది నుంచి శని, ఆదివారాలు వెండి నగల తయారీ నేర్చుకుంటోంది. ఇప్పుడు ఉద్యోగం మానేసి సొంతంగా డిజైన్ చేసి అమ్ముకుంటానంటోంది. చూసినవాళ్ళంతా బాగున్నాయంటున్నారు, కొంతమంది కొన్నారు కూడా. కానీ చిన్నప్పుడు తను బొమ్మలు వేసిన పిల్ల కాదు. ఈ వయసులో మొదలుపెట్టి నిలబడగలదా? (ఒక తండ్రి)

జవాబు: వద్దనకండి. అలాగని వచ్చే నెలే రాజీనామా ఇమ్మని కూడా అనకండి. ముందు తేలాల్సింది ఒకటుంది. తను ఒకసారి బాగా చేసిన నగని మళ్ళీ మళ్ళీ అంతే బాగా, ఇంచుమించు అంతే టైంలో చేయగలదా? ఆ టైంకి కూడా డబ్బు వచ్చేలా అమ్మగలదా? కొత్త డిజైన్లు తోచకపోవడం వల్ల ఈ పని వదిలేసేవాళ్ళు తక్కువ. ఎక్కువమంది ఆగిపోయేది ఈ రెండు చోట్లే.

వయసు గురించి టెన్షన్ పెట్టుకోకండి. డెన్మార్క్‌కి చెందిన జార్జ్ జెన్సన్ కోపెన్‌హాగెన్‌లో సొంత వెండి పనిశాల తెరిచింది 1904లో, 37 ఏళ్ళ వయసులో. అంతకుముందు శిల్పకళ చదివారు, పింగాణీ పని చేశారు. ఇటలీలో పుట్టిన ఎల్సా పెరెట్టి మోడలింగ్ చేస్తూ 1969 ప్రాంతంలో నగల డిజైన్‌లోకి వచ్చారు, 1974లో టిఫనీ అనే అమెరికా నగల సంస్థకు డిజైనర్ అయ్యారు. అయితే ఈ ఇద్దరి విషయంలో ఒకటి గమనించాలి. జెన్సన్ చిన్నతనంలోనే కంసాలి పని నేర్చుకున్న మనిషి. పెరెట్టి తన ఊహలకు రూపం ఇవ్వడానికి చేయి తిరిగిన పనివాళ్ళతో కలిసి పనిచేశారు. అంటే చేతిపని తనకైనా రావాలి, లేదా వచ్చినవాళ్ళతో చేయించుకోవడమైనా తెలియాలి. మీ అమ్మాయి ఈ రెండింట్లో ఏ దారి పడుతుందో ఇప్పుడే ఆలోచించుకోవడం మంచిది. మైనంతో నమూనా ఒకటి చేసి, దాని అచ్చులో కరిగిన వెండి పోసే పోత పనిని బయట వర్క్‌షాప్‌కి ఇచ్చి, చివరి మెరుగు తనే పెట్టుకునే స్వతంత్ర డిజైనర్లు చాలామంది ఉన్నారు. అందులో తక్కువతనం ఏమీ లేదు.

బొమ్మలు వేయడం రాకపోవడం అడ్డు కాదు. కాగితం మీద అందంగా కనిపించేది చెవికి బరువు కావచ్చు, వేలికి గుచ్చుకోవచ్చు. రాగి తీగ, రాగి రేకు తెచ్చుకుని ముందు వాటితో చేసి చూసుకోమనండి. కోయడం, వంచడం, అతకడం అన్నీ రాగి మీద సాధన చేయవచ్చు, పాడైనా వెండి అంత నష్టం ఉండదు.

మీరు చేయగల పరీక్ష ఒకటి చెబుతాను. తను చేసిన ఉంగరాన్ని తిప్పి లోపలివైపు చూడండి. అతుకు ఎక్కడుందో గీతలా కనిపిస్తోందా? అంచు గోరుకి తగులుతోందా? మెరుగు పెట్టినా పోని ఊదారంగు మచ్చలున్నాయా? నగలకు వాడే స్టెర్లింగ్ వెండిలో 92.5 శాతం వెండి, మిగతాది ఎక్కువగా రాగి. అందుకే 925 అని ముద్ర వేస్తారు. వేడి ఎక్కువసేపు తగిలితే ఆ రాగి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైపొర కింద మచ్చగా మిగిలిపోతుంది. ఆ మచ్చ కనబడిందంటే టార్చ్ మీద, అంటే నగని వేడిచేసే గ్యాస్ మంట మీద, చేయి ఇంకా కుదరలేదన్నమాట.

అతుకు సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే నేర్చుకునేవాళ్ళ ఓపిక ఎక్కువగా పోయేది ఇక్కడే. టంకం, అంటే అతకడానికి కరిగించే లోహం, సందుల్ని పూడ్చదు. రెండు అంచులూ మధ్యలోంచి వెలుతురు కూడా రానంత దగ్గరగా కలవాలి. లోహాలన్నిటిలోకీ వేడిని బాగా పాకించేది వెండి, కాబట్టి మంటని అతుకు మీద మాత్రమే పెడితే ఆ వేడంతా ఉంగరమంతా పాకిపోతుంది. మొత్తం ఉంగరాన్ని సమానంగా వేడెక్కించాలి. అతుకుకి ముందే పూసిన వెలిగారం కరిగి గాజులా మెరిశాక, టంకం ఒక్కసారిగా అతుకు వెంట పరుగెత్తుతుంది. సరిగ్గా అప్పుడు మంట తీసేయాలి. ఇంకాస్త ఆలస్యమైతే సన్నటి తీగలు కరిగి ముద్దైపోతాయి. ఒకే నగలో రెండు మూడు అతుకులుంటే ఎక్కువ వేడికి కరిగే టంకంతో మొదలుపెట్టి తక్కువ వేడికి కరిగేదానితో ముగించాలి, లేకపోతే రెండో అతుకు పెడుతుంటే మొదటిది ఊడిపోతుంది. ఇదంతా పుస్తకంలో చదివితే అర్థమవుతుంది, చేతికి రావాలంటే మాత్రం చాలా అతుకులు పాడుచేయాల్సిందే. అందుకే నెలనెలా జీతం వస్తున్నప్పుడే ఈ దశ దాటేయమంటాను. అమ్ముకోవాలన్న ఒత్తిడి ఉన్నప్పుడు ఎవరూ ప్రశాంతంగా నేర్చుకోలేరు.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం. ఇక్కడ మీ అమ్మాయి మిగతావాళ్ళకంటే ముందుంది, ఎందుకంటే లెక్కలు తన వృత్తి. కానీ తన చేతిపనికి తనే లెక్క కట్టుకునేటప్పుడు చాలామందికి మొహమాటం అడ్డొస్తుంది, అకౌంటెంట్లకు కూడా. ఉదాహరణకు ఒక ఉంగరానికి 6 గ్రాముల వెండి, 3 గంటల పని పట్టిందనుకుందాం. వెండి ఖరీదు మీద కాస్త కలుపుకుని అమ్మేస్తే ఆ 3 గంటలూ దానం చేసినట్టే. గంటకు తనకెంత కావాలో ముందు రాసుకోవాలి. దానికి వెండి, కోతలో ఆకురాయిలో పోయే తరుగు, గ్యాస్, పనిముట్ల అరుగుదల, పెట్టె, ఫోటోలు, కొనేవాళ్ళతో మాట్లాడే టైం కలవాలి. ఆపైన లాభం వేరే. షాపులో పెడితే అమ్మకం ధరలో సగం దాకా షాపువాళ్ళు తీసుకోవడం మామూలే, ఆ సగం పోయినా నష్టం రాని ధర అయ్యుండాలి. వెండి ధర మార్కెట్‌తో పాటు మారుతూ ఉంటుంది కాబట్టి ధరల పట్టికని ఒకసారి రాసి వదిలేస్తే కుదరదు. ఆకురాయి పొడి, కత్తిరింపు ముక్కలు మాత్రం పారేయకూడదు, శుద్ధి చేసేవాళ్ళకు అమ్మితే కొంత తిరిగొస్తుంది.

మెచ్చుకున్నవాళ్ళ మాట నమ్మొచ్చు, కానీ దాన్ని మార్కెట్ అనుకోవద్దు. బంధువులు, ఆఫీసువాళ్ళు కొన్నవి పక్కన పెట్టి, తనెవరో తెలియనివాళ్ళు పూర్తి ధర ఇచ్చి కొన్నవి ఎన్నో చూడమనండి. అలాంటివాళ్ళలో కొందరు రెండోసారి వచ్చారా అన్నది అంతకంటే ముఖ్యం. అన్ని రకాలూ చేయడం కంటే, ఒకే ఆలోచన మీద పది పన్నెండు నగల వరస ఒకటి చేస్తే మంచిది. చూడగానే ఇది ఫలానా ఆవిడ చేసింది అని గుర్తుపట్టేలా ఉండాలి. ఎవరివో డిజైన్లు చూసి చేసినవి సాధనకు బాగానే ఉంటాయి, అమ్మకానికి పెట్టకూడదు. స్వచ్ఛత ముద్రలకు, పన్నులకు ఒక్కో దేశంలో ఒక్కో రూలుంటుంది, అమ్మకం మొదలుపెట్టేముందే తెలుసుకోవాలి.

ఉద్యోగం మానేసే దారి నేనైతే ఇలా చెబుతాను. ముందు ఒకే డిజైన్‌ని అయిదుసార్లు చేసి, ప్రతిసారీ పట్టిన టైం రాయమనండి. అయిదూ పక్కపక్కన పెడితే తేడా తెలియకూడదు. తర్వాత ఆఫీసులో అడిగి పనిగంటలు తగ్గించుకోవడమో, పార్ట్‌టైం అకౌంట్స్ పనికి మారడమో చేయాలి. నగల మీద వచ్చే ఆదాయం కొన్ని నెలలు వరసగా, అమ్మకాలు బాగుండే రోజుల్లోనే కాకుండా మామూలు రోజుల్లో కూడా, ఖర్చుల్లో చెప్పుకోదగ్గ వంతు భరించాక పూర్తిగా ఈ పనిలోకి రావచ్చు. ఏడాది ఇంటిఖర్చులు విడిగా దాచుకుని ఉంటే ఇంకా నిబ్బరం. అకౌంట్స్ పనిని పూర్తిగా వదలకపోయినా ఫర్వాలేదు, నెలకు కొన్ని రోజులు ఆ పని చేసుకుంటూ మిగతా రోజులు నగలు చేసే బల్ల దగ్గర గడిపేవాళ్ళు కూడా స్వతంత్ర డిజైనర్లే.

మీ వంతు పని ఒకటుంది. తను ఇంట్లో పని పెట్టుకుంటే గాలి బాగా ఆడే గది ఇవ్వండి. గ్యాస్ సిలిండర్ మంటకు దూరంగా, మంటలార్పే పరికరం చేతికందేలా ఉందో లేదో చూడండి. పాతకాలం టంకాల్లో కొన్నిటిలో కాడ్మియం ఉండేది, దాని పొగ ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం, కాబట్టి కాడ్మియం లేనిదే కొనమనండి. మెరుగు పెట్టే మోటార్ దగ్గర జుట్టు ముడేసుకోవాలి, వదులు చేతుల బట్టలు, చేతి తొడుగులు వద్దు, కళ్ళద్దాలు తప్పనిసరి. ఆ అయిదు ఉంగరాల టైం కాగితం తయారయ్యాక, దాన్నీ ధర లెక్కనీ తననే నాకు పంపమనండి. ఏ తేదీకి పనిగంటలు తగ్గించుకోవచ్చో అప్పుడు అంకెలు చూసి మాట్లాడుకుందాం.