బుజ్జిగాడి నిద్ర గురించి దొడ్డమ్మ ఉత్తరం

అమ్మాయీ,

మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన సగం మాటలు బుజ్జిగాడి ఏడుపులోనే కలిసిపోయాయి. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మూడేళ్ళ పిల్లాడు రాత్రి పదకొండు దాటినా పడుకోడంటే నీ ఒళ్ళు ఎంత హూనమవుతుందో నాకు తెలుసు. నా పిల్లల్నీ, వాళ్ళ పిల్లల్నీ పడుకోబెట్టినదాన్ని.

నువ్వు చెప్పినదాంట్లో నాకు ముఖ్యంగా తోచింది ఒకటే. నువ్వు హాల్లో తిరుగుతుంటే వాడు నీ భుజమ్మీద నిద్రపోతున్నాడు. ఆ తర్వాత మంచం మీద వేస్తున్నావు. నిద్రలో ఎవరికైనా మధ్యమధ్య మెలకువ వస్తుంది. మనమైతే అటు తిరిగి పడుకుంటాం. వాడికి మెలకువ వచ్చేసరికి భుజం లేదు, ఊపడం లేదు. కంగారుపడి ఏడుస్తాడు, మళ్ళీ ఎత్తుకుంటేగానీ పడుకోడు. అందుకని కళ్ళు మూతలు పడే ఆ చివరి నిమిషంలో వాడు మంచం మీదే ఉండాలి. మిగతావన్నీ దానికోసం చేసుకునే ఏర్పాట్లే.

ఆ వయసు పిల్లలకి పగటి నిద్రతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. సాయంత్రం ఐదున్నర దాకా పడుకోనిస్తే రాత్రి తొమ్మిదికి నిద్ర ఎక్కడ నుంచి వస్తుంది? మధ్యాహ్నం భోజనం కాగానే పడుకోబెట్టి మూడింటికల్లా లేపెయ్. రాత్రి ఎంత ఆలస్యమైనా సరే, పొద్దున లేపే టైం మాత్రం మార్చకు. సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థం జాతర చూసొచ్చాక మా ఇంట్లో పిల్లలందరి నిద్రా తలకిందులైపోయేది. పొద్దున్నే మామూలు వేళకి లేపడం మొదలుపెడితే నాలుగైదు రోజుల్లో దారిలో పడేవాళ్ళు.

దీపాలు పెట్టే వేళ దాటాక గోరువెచ్చటి నీళ్ళు పోసి పల్చటి నూలు చొక్కా వెయ్యి. స్నానం తర్వాత ఒళ్ళు చల్లబడుతూ ఉంటే నిద్ర ముంచుకొస్తుంది. ఏడింటికల్లా అన్నం పెట్టు, తర్వాత పళ్ళు తోమించు, దోమతెరలో కథ చెప్పు. రోజూ ఇదే వరస ఉండాలి. అన్నం పెట్టేటప్పుడే ఫోన్ తీసి బీరువాలో పెట్టు. ఆ వెలుతురు కళ్ళల్లో పడినంతసేపూ ఇంకా పగలే అనుకుంటుంది ఒళ్ళు. ట్యూబులైటు కూడా ఆపేసి జీరో బల్బు వేసుకో. మీది డాబా ఇల్లు, మన వైపు ఉక్క సంగతి చెప్పక్కర్లేదు. వేసవిలో పొద్దువాలాక డాబా మీద నీళ్ళు చల్లిస్తే గది కాస్త చల్లబడుతుంది. కాలవ పక్కన దోమలు తప్పవు కాబట్టి తెర అంచులు పరుపు కిందకి బాగా దోపు. తలుపులు మూసిన గదిలో దోమల చుట్ట వెలిగించకు, ఆ పొగ చంటిపిల్లలకి మంచిది కాదు.

అల్లుడుగారి సంగతి. రొయ్యల చెరువు మీద నుంచి ఆయన ఎనిమిదిన్నరకి వస్తారు, వస్తూనే వాణ్ణి ఎగరేసి ఆడిస్తారు అన్నావు. పొద్దుటి నుంచి చూడని తండ్రికి ఆ ముచ్చట ఉండదా? వద్దనకు. ఆ ఆట పొద్దున చెరువుకి వెళ్ళేముందు పెట్టుకోమను. రాత్రి కాళ్ళు కడుక్కుని నెమ్మదిగా వచ్చి కథ చెప్పే పని ఆయనకే ఇవ్వు. పిల్లాడికి నాన్న దొరుకుతాడు, నీకూ కాస్త ఊపిరి ఆడుతుంది.

ఎవరు చెప్పినా కథ కోసం వెతుక్కోనక్కర్లేదు. వాడి రోజునే వాడికి చెప్పు. పొద్దున లేచాడు, గట్టు మీద బాతుల్ని చూశాడు, తాతతో కొబ్బరితోటలోకి వెళ్ళాడు... చెబుతూ చెబుతూ గొంతు తగ్గించు. నువ్వు వీపు మీద జో కొడుతుంటే కాసేపటికి వాడి చెయ్యి చెవి దగ్గరికి పోతుంది, ఒక ఆవులింత వస్తుంది, వేళ్ళు వదులవుతాయి. అప్పుడు జో కొట్టడం నెమ్మది చేసి, పూర్తిగా నిద్రపోకముందే ఆపు. చెయ్యి మాత్రం వీపు మీద అలాగే ఉంచు. కొన్నాళ్ళకి చెయ్యి తీసి పక్కన కూర్చో, ఆ తర్వాత పీట గుమ్మం వైపు జరుపుకుంటూ రా. మొదటి రెండు మూడు రాత్రులు ఇంతకుముందుకన్నా ఎక్కువ గోల చేస్తాడు. ఎత్తుకోకుండా పక్కనే ఉండి, "నేనిక్కడే ఉన్నాను నాన్నా, పడుకో" అని అదే మాట చెబుతూ ఉండు. ఒక రాత్రి ఎత్తుకుని, ఒక రాత్రి ఎత్తుకోకపోతే మాత్రం వాడికి ఏదీ అర్థం కాదు. ఈ మాట ముందే మీ అత్తగారికీ చెప్పి ఒప్పించుకో. మనవడి ఏడుపు వింటే ఆవిడ ఆగలేరు.

బూచాడొస్తాడని మాత్రం ఎవర్నీ అననివ్వకు. భయంతో కళ్ళు మూసుకోవడం నిద్ర కాదు. జాజికాయ అరగదీసి నాకించడం, దగ్గు మందు పోసి పడుకోబెట్టడం కూడా వద్దు. జాజికాయ ఎక్కువైతే పిల్లలకి విషమే.

పడుకున్న గంటా రెండు గంటలకి లేచి కూర్చుని, కళ్ళు తెరిచే ఉన్నా నిన్ను గుర్తుపట్టకుండా అరుస్తున్నాడన్నావే, పొద్దున అడిగితే ఏమీ తెలియదంటున్నాడనీ. అది పీడకల కాదు, గాఢనిద్రలో సగం లేవడం. చిన్నపిల్లల్లో ఉండేదే, నిద్ర చాలకపోతే ఎక్కువవుతుంది, పెద్దయ్యే కొద్దీ పోతుంది. లేపకు, కుదపకు. పడిపోకుండా పక్కన ఉంటే చాలు, దానంతట అదే తగ్గి పడుకుంటాడు. మీ అత్తగారు దిష్టి తీస్తానంటే పడుకునేముందే తియ్యమను, నష్టమేమీ లేదు. మెడలో తాయెత్తు తాడు మాత్రం రాత్రిపూట తీసెయ్యి, నిద్రలో బిగుసుకుంటే ప్రమాదం.

రోజూ గురక పెడుతూ నోటితో ఊపిరి తీసుకుంటున్నా, మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపించినా అది అలవాటు సంగతి కాదు. ఆలస్యం చెయ్యకుండా పిల్లల డాక్టరుకి చూపించు. రెండు వారాలు ఇదే వరస నడిపి, వాడు ఎన్నింటికి పడుకుంటున్నాడో నాకు ఫోన్ చేసి చెప్పు. అప్పటికీ కుదరకపోతే నేనే వచ్చి నీ దగ్గర పదిరోజులు ఉంటాను.

నీ దొడ్డమ్మ