అడ్మిరేషన్ అంటే అభిమానమేనా?

సందేహం: నేను ఇంగ్లీషు వ్యాసాలు తెలుగు చేస్తుంటాను. ఈమధ్య ఒక రిటైరైన ఉద్యోగి తన పాత బాస్ పట్టుదల గురించి రాస్తూ ‘ఐ నెవర్ లైక్డ్ హిమ్, బట్ ఐ అడ్మైర్డ్ హిమ్’ అన్నాడు. ‘ఆయనంటే నాకు ఇష్టం లేదు కానీ అభిమానం ఉండేది’ అని రాస్తే మా ఇంట్లో అందరూ నవ్వారు. నిఘంటువులో మెచ్చుకోలు, ప్రశంస, గౌరవం అని ఉన్నాయి. వీటిలో ఏది రాయాలి?

సమాధానం: మీవాళ్లు నవ్వడంలో న్యాయముంది. తెలుగులో ఇష్టం లేనిచోట అభిమానం నిలవదు. ‘మా పిన్నికి నేనంటే చాలా అభిమానం’ అన్నామంటే ఆవిడ నాలో ఏదో గొప్పతనం చూసిందని కాదు, నన్ను తన మనిషి అనుకుందని. భాషాభిమానం, కులాభిమానం, సినిమా హీరోల అభిమానులు, ఎక్కడ చూసినా ‘నాది, మావాడు’ అనే ముడి ఒకటి ఉంటుంది. అందుకే ఫ్యాన్ అనే మాటకు అభిమాని చక్కగా అతికింది.

ఈ మాట సంస్కృతం నుంచి వచ్చింది. అక్కడ దీనికి ‘నేను, నాది అనుకోవడం’, గర్వం అనే అర్థాలున్నాయి. సాంఖ్య దర్శనానికి చెందిన పాత గ్రంథం సాంఖ్యకారిక అహంకారాన్ని ‘అభిమానోఽహంకారః’ అనే నిర్వచించింది. హిందీలో అభిమాన్ అంటే ఇప్పటికీ గర్వమే. మన దగ్గర ఆ పాత అర్థం పూర్తిగా పోలేదు. ‘అభిమానం అడ్డొచ్చి అప్పు అడగలేకపోయాడు’ అంటాం కదా, అక్కడున్నది అదే. ఎదుటివాళ్ల మీద ఆపేక్షకూ, మన మీద మనకున్న పట్టింపుకూ తెలుగువాడు ఒకే మాట వాడుకుంటున్నాడు. నాకు ఎంతో ఇష్టమైన మాటల్లో ఇదొకటి.

అడ్మిరేషన్ పుట్టుక వేరు. దాని లాటిన్ మూలానికి అర్థం ‘చూసి ఆశ్చర్యపోవడం’. మిరకిల్, మిర్రర్ కూడా ఆ కుదురులోవే. షేక్‌స్పియర్ కాలంలో ఈ మాటకు ఆశ్చర్యం అనే అర్థం బాగా వాడుకలో ఉంది. ఆయన ‘హామ్లెట్’ నాటకంలో, చనిపోయిన మీ తండ్రిని నిన్న రాత్రి చూశానని స్నేహితుడు హొరేషియో చెప్పగానే హామ్లెట్ నివ్వెరపోతాడు. అప్పుడు హొరేషియో, మీ ‘అడ్మిరేషన్‌’ను కాసేపు అదుపులో పెట్టుకుని వినండి అంటాడు. దయ్యాన్ని ఎవరు మెచ్చుకుంటారు? అక్కడున్నది విస్మయం. వాక్యం చివర పెట్టే ఆశ్చర్యార్థకాన్ని కూడా ఇంగ్లీషువాళ్లు ఒకప్పుడు ‘నోట్ ఆఫ్ అడ్మిరేషన్’ అనేవారు. స్పానిష్‌లో ఇవాళ్టికీ దాని పేరు అదే మాటతో ఉంది.

ఆ ఆశ్చర్యంలోకి తర్వాత ‘ఇది గొప్పది’ అనే తీర్పు వచ్చి చేరింది. అయితే ప్రేమ మాత్రం తప్పనిసరి కాలేదు. దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. వాల్మీకి సుందరకాండలో హనుమంతుణ్ణి కట్టి తెచ్చి రావణుడి సభలో నిలబెడతారు. సీతను ఎత్తుకొచ్చినవాడు ఎదురుగా ఉన్నాడు. హనుమంతుడికి అతని మీద మండిపోతోంది. అయినా అతణ్ణి చూసి ‘అహో రూపమహో ధైర్యమ్’ అనుకుంటాడు. అధర్మమే లేకపోతే దేవలోకాన్ని సైతం కాపాడగలిగినవాడు కదా అనుకుంటాడు. అది అచ్చమైన అడ్మిరేషన్. దాన్ని అభిమానం అంటే హనుమంతుడికి అన్యాయం చేసినట్టే.

మరి మెచ్చుకోలు? చాలాచోట్ల సరిపోతుంది, కానీ ఈ మాట నడిచే దారిని గమనించండి. తపస్సుకు మెచ్చి శివుడు వరమిస్తాడు. పాటకు మెచ్చి రాజు బహుమానమిస్తాడు. పిల్లవాడి దస్తూరీ చూసి మాస్టారు మెచ్చుకుంటారు. భక్తుడు శివుణ్ణి మెచ్చుకున్నాడని మాత్రం ఎవరూ అనరు. ‘సార్, మీ పాఠం మెచ్చుకున్నాను’ అని విద్యార్థి అంటే వినడానికే ఎబ్బెట్టుగా ఉంటుంది. మెచ్చడం ఎక్కువగా పై నుంచి కిందికి, లేదా సాటివాళ్ల మధ్య నడుస్తుంది. అడ్మిరేషన్‌లో చూపు తరచుగా పైకి ఉంటుంది. మీ వాక్యంలో ఒక కింది ఉద్యోగి తన బాస్ గురించి చెబుతున్నాడు కాబట్టి మెచ్చుకోలు అంతగా నప్పదు.

ప్రశంస నోటితో చేసేది. మనసులో ఏమీ లేకుండా ప్రశంసించవచ్చు, మనసు నిండా ఉన్నా పెదవి విప్పకపోవచ్చు. గౌరవం పదవికీ వయసుకూ కూడా దక్కుతుంది. జడ్జి లోపలికి వస్తే కోర్టులో అందరూ లేచి నిలబడతారు, ఆయన తీర్పుల గొప్పతనం తెలిసి కాదు. ఇంగ్లీషులోనే అడ్మిరేషన్‌కు దగ్గరగా కనిపించే అప్రిషియేషన్ కూడా వేరే. దాని మూలంలో ‘వెల’ ఉంది. విలువ గుర్తించడం అందులో ముఖ్యం. అందుకే రూపాయి విలువ పెరిగినా ఇంగ్లీషులో అదే మాట వాడతారు. ఆశ్చర్యం అక్కడ అక్కర్లేదు.

పైకి చూసే చూపుకు తెలుగులో మాట లేదనుకోకండి. ‘ఆ డాక్టరుగారంటే మాకు గురి’ అంటాం. గురువు మీద గురి కుదరాలంటాం. ఇందులో నమ్మకం పాలు ఎక్కువ గనుక మీ వాక్యానికి ఇదీ పనికిరాదు. కానీ తెలుగువాళ్లు నిజంగా అబ్బురపడినప్పుడు నామవాచకం కోసం వెతుక్కోరు. ‘ఎంత ఓపికమ్మా ఆవిడకి!’ అంటారు, లేదా ‘ఆవిడ ఓపికకు చేతులెత్తి మొక్కాలి’ అంటారు. నిఘంటువులో అడ్మిరేషన్ పక్కన ఈ మాట కనిపించకపోవచ్చు. వాడుకలో మాత్రం దానికి ఇంత దగ్గరగా వచ్చేది మరొకటి నాకు తోచడం లేదు.

మీ చోట నేనుంటే ఇలా రాసేవాణ్ణి: ‘ఆయనంటే నాకెప్పుడూ ఇష్టం లేదు. కానీ ఆ పట్టుదలకు మాత్రం చేతులెత్తి మొక్కాలనిపించేది.’