మేజిక్ మీద బతకవచ్చా? పర్లాకిమిడి నుంచి ఒక జవాబు

ఉద్యోగం మానేసి స్టేజ్ మేజిక్‌ను వృత్తిగా చేసుకోవచ్చా, దానికి ఎన్ని ట్రిక్కులు రావాలి అని మీరు అడిగారు. నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటూ 1999 నుంచి గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ప్రదర్శనలు ఇస్తున్నాను. నా మటుకు ఇరవై ట్రిక్కులు చాలు. కష్టమంతా జనం చూపును మళ్లించడంలో ఉంది.

ఆ సంగతి నాకు 2003లో గుణుపురంలోని ఒక వినాయక చవితి పందిట్లో తెలిసివచ్చింది. నాణెం దాచే క్షణానికి సరిగ్గా ఒక ఛలోక్తి విసిరేవాణ్ణి. జనం నవ్వుతూ నా ముఖం వైపు చూడగానే చేయి తన పని చేసుకునేది. ఆ రోజు తెలుగువాళ్లు నవ్వారు గాని, ముందు నేల మీద కూర్చున్న ఒడియా పిల్లలు మాట అర్థం కాక చేతి మీదనుంచి చూపు తిప్పలేదు. నాణెం కోటు జేబులోకి జారగానే అందరూ ఒక్కసారి కేకలు పెట్టారు. మరుసటి ప్రదర్శనలో అదే ఛలోక్తిని రెండు భాషల్లోనూ చెప్పి చూశాను. ఒడియావాళ్లు నవ్వేసరికి తెలుగువాళ్ల నవ్వు అయిపోయి, వాళ్ల కళ్లు మళ్లీ నా చేతికే చేరాయి. చివరికి ఛలోక్తిని వదిలేసి, ఖాళీగా ఉన్న ఎడమ చేతి వైపు నేనే ఆశ్చర్యంగా చూడడం సాధన చేశాను. మెజీషియన్ ఎటు చూస్తే జనం అటే చూస్తారు. (మా గురువుగారు ఈ విద్యను చేతివాటం అనేవారు, ఆ మాటకు ఇప్పుడు దొంగతనమనే అర్థం స్థిరపడింది కనుక నేను వాడను.)

ఏజెన్సీ గ్రామాల్లో ప్రదర్శన ముగిశాక ఎవరో ఒకరు పక్కకు పిలిచి, తమ ఇంటివాళ్లకు చిల్లంగి (చేతబడి) చేసిందెవరో చెప్పమంటారు. వారిని చూసి నవ్వడం తప్పు. 1956లో ప్రసిద్ధ బెంగాలీ మెజీషియన్ పి.సి. సర్కార్ బీబీసీ టెలివిజన్‌లో అమ్మాయిని రంపంతో కోసినట్టు చూపగా, ఆమె లేచేలోపే కార్యక్రమం ముగిసిపోవడంతో, నిజంగా చనిపోయిందేమోనని బ్రిటన్ ప్రేక్షకులే ఫోన్ల మీద ఫోన్లు చేశారు. మంత్రగత్తె అనే ముద్ర వేసి హింసించడాన్ని ఆపేందుకు ఒడిశా 2013లో చట్టమే చేయవలసి వచ్చింది; ఇక్కడ మెజీషియన్ నోట పొరపాటున ఒక పేరు వచ్చినా ప్రమాదమే. అందుకే నాకు ఏ శక్తులూ లేవని మొదటే చెప్పి, తాడు ముడి ట్రిక్కు ఒకదాని గుట్టు నేనే విప్పి చూపుతాను.

ఆదాయం చవితి నుంచి దీపావళి దాకా, మళ్లీ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా స్కూలు వార్షికోత్సవాల్లో ఉంటుంది. 2004లో నౌపడా–గుణుపురం చిన్న రైలు (నారో గేజ్) ఆగిపోయి, 2011లో పెద్ద లైను (బ్రాడ్ గేజ్) వచ్చేదాకా, ట్రంకు పెట్టెల జీపు బాడుగకే చాలా డబ్బు పోయేది. ఒకసారి ఒక కమిటీవారు చందాలు రాలేదంటూ సగమే ఇచ్చి పంపారు. అప్పటినుంచి అడ్వాన్సు చేతికి అందనిదే పెట్టె తెరవను.

ఆషాఢ శ్రావణాల్లో మా ఇల్లు జెరాక్స్ దుకాణం మీద నడుస్తుంది. మీరు కూడా రెండు చవితి సీజన్లు సెలవు రోజుల్లో చేసి చూసిన తరువాతే రాజీనామా సంగతి ఆలోచించండి.