పాత చేపల లెక్కల్లో మణుగు అంటే ఎన్ని కిలోలు?

చెరువు చేపల పాత రిజిస్టర్లు రెండింటిలో, ఒకే సరుక్కి బరువు మూడింతల పైగా తేడా వస్తోంది, ఏది నమ్మాలని అడిగారు. దయచేసి ఏదీ తప్పని కొట్టేయకండి. నాకూ అచ్చం ఇదే ఎదురైంది.

మాది పర్లాకిమిడి. మా తాతయ్య చెరువులు పాటకి తీసుకుని చేపలు పట్టించేవారు. ఆయన పద్దులు తెలుగులో, మణుగుల్లో ఉన్నాయి. కొన్న షావుకారు గుమాస్తా ఒడియాలో 'మహణ' అని రాశాడు. కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు నేను రెండూ ఒకటే అనుకుని 37.3తో గుణించేశాను. తాతయ్య 373 కిలోలు అమ్మితే షావుకారు 112 కిలోలే కొన్నట్టు వచ్చింది! పాపం, చనిపోయిన ఆ మనిషిని వారం రోజులు అనుమానించాను.

నాన్నకి పుస్తకం చూపిస్తే, '4-6' అని ఉన్న చోట వేలు పెట్టి "ఇది నాలుగు మణుగుల ఆరు వీశెలురా" అన్నారు. అప్పుడు అర్థమైంది. 1936 ఏప్రిల్ 1 దాకా మా ఊరున్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, తర్వాత ఒడిశాలో కలిసింది. రాష్ట్రం మారినా మనవాళ్ల తూకం మారలేదు. మద్రాసు లెక్కలో వీశెకి 120 తులాలు, మణుగుకి 8 వీశెలు, అంటే సుమారు 11.2 కిలోలు. బెంగాల్ లెక్కలో 80 తులాల సేర్లు 40 కలిస్తే ఒక మణుగు, 37.3 కిలోలు. తాతయ్య పది మణుగులూ గుమాస్తా మూడు మహణలూ ఒకటే సరుకు.

కాబట్టి ముందు రెండో అంకె చూడండి. వీశెల లెక్కలో అది 7 దాటదు. '4-27' లాంటిది ఒక్కటి కనిపించినా అవి వీశెలు కావు, సేర్లు. ఇక్కడ జాగ్రత్త, మన పాత తెలుగు సేరు 24 తులాలే. మణుగుకి అవీ 40. అలాంటప్పుడు అంకెలు తేల్చవు, ధర తేలుస్తుంది. అదే రోజు అదే రకం చేప, బొచ్చె గానీ వాలుగ గానీ, ఒక పుస్తకంలో మణుగు ధర ఇంకోదానికి మూడు రెట్ల పైన ఉంటే తూకమే వేరన్నమాట.

1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూకాలు దశలవారీగా వచ్చాయి. తాతయ్య మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు మణుగుల్లోనే రాశారు. తేదీ చూసి కిలోలని అనుకోకండి.

ఇవన్నీ సరిచేశాక కూడా కొద్దిగా తేడా మిగులుతుంది. మా పుస్తకాల్లో అది గంపకి తీసిన తరుగు. ఎండుచేప పద్దు ఉంటే మాత్రం పచ్చిచేపతో కలపకండి, మూడు నాలుగు కిలోల పచ్చిది ఎండితే కిలో అవుతుంది. రాసి ఉన్న అంకెని అలాగే ఉంచి, కిలోలు పక్క గడిలో వేయండి. నేను మొదట చెరిపేసి రాసినందుకు రెండు పుస్తకాలూ మళ్లీ మొదటి నుంచి ఎక్కించాల్సి వచ్చింది.