అమ్మమ్మది ఖార్కోవ్, మనవడిది ఖార్కివ్

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ కథ నాలుగో పేజీ దగ్గర కాగితాలు పక్కన పడేసి లేచాను, ఒళ్లు మండి. నీ ఉక్రెయిన్ కుర్రాడు ఆంద్రీయ్, రష్యాతో యుద్ధం మొదలైన మర్నాడే ఇక జన్మలో రష్యన్ మాట్లాడనని ఒట్టు పెట్టుకుంటాడు. బాగుంది. పది లైన్లు తిరక్కుండా అదే కుర్రాడు "మా ఖార్కోవ్‌ని వదిలి ఎక్కడికీ రాను" అంటాడు. ఖార్కోవ్ అన్నది రష్యన్ పలుకు తల్లీ! వాళ్ల ఉక్రేనియన్ భాషలో ఆ ఊరు ఖార్కివ్. వాడు పెట్టుకున్న ఒట్టు నువ్వే తీసి గట్టు మీద పెట్టావు.

అదే వాళ్ల అమ్మమ్మ ఖార్కోవ్ అంటే నేను నోరెత్తను. రష్యా సరిహద్దు పక్కనే ఉన్న ఊరు, తరాలుగా ఇళ్లలో రష్యన్ మాట్లాడుకున్నవాళ్లు బోలెడుమంది. ఆవిణ్ణి రష్యన్‌లో థాంక్స్ చెప్పే "స్పసీబ" అననీ. ఒకే దుప్పటి మీద కూర్చున్న ఇద్దరి నోట ఒకే ఊరికి రెండు పేర్లు. అసలు కథ అక్కడుంది, నువ్వు దాన్ని తొక్కుకుంటూ వెళ్లిపోయావు.

ఇది నాకు నేర్పింది ఒక ఎడిటరు. మా నాయనమ్మ మీద రాసిన కథలో ఆవిడ "బెజవాడ" అన్నచోటల్లా ఎర్ర పెన్నుతో "విజయవాడ" చేసి అచ్చేశాడు. మా నాయనమ్మ పోయేదాకా ఆ మాట పలికి ఎరగదు. అడిగితే "భాషకో పద్ధతుండాలండీ" అన్నాడు. పద్ధతట! ఆ పత్రిక ఎప్పుడో మూతబడింది. నా కోపం మాత్రం ఇంకా వెలువడుతూనే ఉంది.

అయినా బెజవాడ అనకూడదని ఎవరూ హుకుం జారీ చేయలేదు. ఉక్రేనియన్ భాష మీద చేశారు. అసలు అలాంటి వేరే భాషే లేదు, ఉండబోదు అని 1863లో రష్యా జారు చక్రవర్తి మంత్రి వాల్యుయెవ్ ఉత్తర్వు. 1876లో రెండో అలెగ్జాండర్ జారు ఉక్రేనియన్‌లో పుస్తకాలు అచ్చువేయడాన్నీ, బయటినుంచి తెప్పించుకోవడాన్నీ నిషేధించాడు. సోవియట్ కాలం వచ్చాక 1933లో 'గ' పలికే అక్షరాన్ని అక్షరమాలలోంచే పీకేశారు. 1990లో గానీ తిరిగి రాలేదు. మన పెద్దబాలశిక్షలోంచి 'ళ' తీసేశారనుకో, కళ్లు, నీళ్లు, పెళ్లి ఏమైపోవాలి?

నేనూ శుద్ధపూసనేం కాను. మాస్కోలో అచ్చయి వచ్చిన చవక పుస్తకాలు చదివి పెరిగిన తరం మాది. కీవ్, ల్వోవ్, ఒడెస్సా, అన్నీ రష్యన్ నోటి నుంచి విన్నవే, అలాగే రాశాను. వాళ్ల రాజధాని కీవ్‌ను వాళ్లు పలికేది కియివ్ అని. ఆ పేరు ఇంగ్లీషులో ఎలా రాయాలో వాళ్ల ప్రభుత్వం 1995లోనే తేల్చింది. అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ 2019లో గానీ మార్చుకోలేదు. వాళ్ల లిపిలో ఆ పేరుకు నాలుగే అక్షరాలు. మూడోది నెత్తిన రెండు చుక్కలున్న చిన్న గీత, 'యి' అని పలుకుతుంది. రష్యన్‌లో ఆ అక్షరమే లేదు. ఇంగ్లీషువాడు తంటాలు పడ్డాడంటే సరే, 'యి' రాయడానికి తెలుగువాళ్లకేం రోగం?

మీ తమ్ముడు అక్కడే మెడిసిన్ చదివాడన్నావుగా. వాళ్ల కాలేజీలో ఎవరు ఏ ఊరిని ఏమని పిలిచేవారో కూర్చోబెట్టి అడుగు. విని, ఆ నాలుగో పేజీ మళ్లీ రాయి. ఏ పత్రికకు పంపాలో తర్వాత చూద్దాం.

మెట్రో ప్లాట్‌ఫాం మీద ఆ అమ్మమ్మ మన కుర్రాడికి ఉడికించిన బంగాళాదుంప తొక్క తీసి, ఊది మరీ చేతిలో పెడుతుంది చూడు, ఆ చోటు మాత్రం ముట్టుకోకు.