శాతం సరే, దేనిలో శాతం?

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మాది పెనుగొండ దగ్గర పల్లె. వ్యవసాయం. మా నాన్నగారికి 74 ఏళ్లు. షుగరు ఉంది, చలికాలం వస్తే ఆయాసం. 2021 మార్చి నెలాఖరున ఆయనకు కోవిషీల్డ్ మొదటి డోసు వేయించాను. మే నెలలో రెండో డోసుకు తీసుకువెళితే గడువు పన్నెండు వారాలకు పెరిగిందని తిప్పి పంపారు. చివరికి జూలైలో వేశారు. అయినా 2022 జనవరిలో ఆయనకు కరోనా వచ్చింది. నాలుగు రోజులు జ్వరం వచ్చి ఇంట్లోనే తగ్గింది. ఆ రోజుల్లో పేపరు నేనే చదివి వినిపించేవాణ్ని. ఒకరోజు 95 శాతం, ఒకరోజు 70, ఇంకోరోజు 81, మళ్లీ 78. ఇప్పుడు ఛాతీ డాక్టరుగారు ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా వేయించమన్నారు. "శాతాలు నాకు చెప్పకు, అవన్నీ చూశాను" అంటున్నారు నాన్నగారు. "అప్పట్లో ఆసుపత్రిలో చేరినవాళ్లలో ఎక్కువమంది టీకా వేయించుకున్నవాళ్లే" అన్న మాట మా వీధిలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ అంకెలు నిజమేనా? నిజమైతే రోజుకో రకంగా ఎందుకు మారాయి? ఆయనకు ఏమని చెప్పమంటారు?

సమాధానం: మీ నాన్నగారిని మొండివారని మీరు ఎక్కడా రాయలేదు. నాకు అది నచ్చింది. ఆయన మొండివారు కారు. ఒక అంకె చెప్పి నమ్మమన్నాం, ఆ అంకె దేనికి సంబంధించినదో మాత్రం చెప్పలేదు. ఆ చెప్పనివాళ్లలో నేనూ ఉన్నాను.

2021లో నేను ఉద్యోగం నుంచి రిటైరై రెండేళ్లయింది. పాలకొల్లు పక్కన ఒక ఊరి బడిలో టీకాలు వేస్తుంటే సాయానికి వెళ్లేదాన్ని. మార్చిలో వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చునేముందు అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఇది ఎంత శాతం సీసా అమ్మా?" ఒక పెద్దావిడ అయితే, "అమెరికాలో మా మనవడికి 95 వేశారట, మాకు 70 వేస్తారా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆవిడకు అది బియ్యంలో నాణ్యత తగ్గించినట్టు, పిల్లలకు ఒకటి, ముసలివాళ్లకు ఒకటి వడ్డించినట్టు అనిపించింది. ఏప్రిల్ చివరికి అదే బడి ముందు తెల్లవారుజామున నాలుగింటికే చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డారు. అప్పుడు శాతం అడిగినవాళ్లు ఎవరూ లేరు. "ఉందా, అయిపోయిందా?" ఇదొక్కటే అడిగేవారు. నేను మాత్రం మార్చిలో అడిగినవాళ్లకు, "ఏదైనా మంచిదే, వేయించుకోండి" అని తొందరపెట్టి పంపాను. మాట నిజమే, కానీ అది వాళ్లు అడిగినదానికి సమాధానం కాదు. ఇప్పుడు మీకు ఇస్తాను.

మీది వ్యవసాయం కాబట్టి పొలంలోంచే మొదలుపెడతాను. మా నాన్నగారు కూడా రైతే. నేను కాలేజీలో చదివే రోజుల్లో మారుటేరు వరి పరిశోధనా కేంద్రం నుంచి దోమపోటును, అంటే వరి దుబ్బుల రసం పీల్చి ఎండగొట్టే పురుగును, తట్టుకునే కొత్త రకం మినీకిట్టు (వేసి చూడటానికి ఇచ్చే చిన్న విత్తనాల సంచి) ఒకటి ఆయనకు ఇచ్చారు. పక్క మడిలో మామూలు రకం వేసి, రెంటికీ ఒకే నీరు, ఒకే ఎరువు పెట్టమన్నారు. ఆ సార్వాలో, అంటే వానాకాలం పంటలో, దోమ బాగా పడింది. గట్టు మీద వెళ్లే ఆసామి ఒకాయన కొత్త రకంలో అక్కడక్కడా ఎండిన దుబ్బులు చూసి, "తట్టుకుంటుందన్నారే, ఇదేమిటి?" అని అడిగాడు. మా నాన్నగారు మాట్లాడకుండా పక్క మడి చూపించారు. అది కాలిపోయినట్టు సుడులు సుడులుగా ఎండిపోయింది. ఆ సాయంత్రం ఆయన రెండు మళ్లలోనూ ఎండిన దుబ్బులు లెక్కపెట్టి నా నోటుపుస్తకం వెనక అట్ట మీద రాయించారు.

టీకా శాతం అంటే అచ్చంగా ఆ అట్ట మీద లెక్కే. రెండు మళ్లు ఉంటేనే ఆ లెక్క పుడుతుంది. ఫైజర్ టీకానే తీసుకోండి. 2020 నవంబరు 9న 90 శాతానికి పైగా అన్నారు, 18న 95 శాతం అన్నారు. సుమారు 43 వేల మందిని రెండు సగాలు చేసి, ఒక సగానికి టీకా, మరో సగానికి ఉప్పునీటి సూది వేశారు. ఎవరికి ఏది పడిందో వాళ్లకే తెలియదు. చివరి లెక్కకు మొత్తం 170 మందికి జబ్బు వచ్చింది. అందులో ఉప్పునీటి సూది పడినవాళ్లు 162 మంది, టీకా పడినవాళ్లు 8 మంది. 162 రావలసిన చోట 8 వచ్చాయి, అంటే 95 శాతం తగ్గింది. అంతకుమించి అందులో ఏ రహస్యమూ లేదు.

మన ఊళ్లలో దాన్ని ఎలా అర్థం చేసుకున్నారంటే, టీకా వేయించుకున్న నూరు మందిలో 95 మందికి జబ్బు రాదు, అయిదుగురికి వస్తుందని. నేనూ మొదట ఎవరికీ సరిదిద్ది చెప్పలేదు. నిజానికి ఆ పరీక్షలో ఉప్పునీటి సూది పడినవాళ్లలోనే నూటికి ఒక్కరికి కూడా జబ్బు రాలేదు, ఎందుకంటే చూసింది కొద్ది నెలలే. టీకా పడినవాళ్లలో పదివేలకు నలుగురికి వచ్చింది. కాబట్టి 95 అనేది ఒక మనిషికి ఇచ్చిన హామీ కాదు, రెండు గుంపుల మధ్య తేడా. మీ నాన్నగారికి జ్వరం వచ్చినంత మాత్రాన ఆ అంకె అబద్ధం కాదు. ఎండిన దుబ్బు ఒకటి కనిపించినంత మాత్రాన ఆ రకం ఓడిపోయినట్టు కాదు కదా.

ఇక అంకెలు ఎందుకు మారాయో చెబుతాను. కోవాగ్జిన్‌కు 2021 జనవరి 3న అత్యవసర అనుమతి ఇచ్చేనాటికి ఈ రెండు మళ్ల లెక్క చేతిలో లేదు. ఈ విషయం మెత్తగా చెప్పడం నాకు ఇష్టం లేదు. అది తప్పు. ముందు అనుమతి, తరువాత లెక్క అనేసరికి మంచి టీకా మీద కూడా మచ్చ పడింది. మార్చి 3న 81 శాతం అని ప్రకటించినప్పుడు లెక్కకు వచ్చిన రోగులు 43 మంది మాత్రమే: టీకా లేనివాళ్లు 36, టీకా పడినవాళ్లు 7. చివరికి 130 మంది అయ్యాక 106, 24గా తేలి, అంకె 77.8 దగ్గర ఆగింది. ఎకరంలో పది సెంట్లు కోసి చెప్పిన దిగుబడికీ మొత్తం కోసి కుప్ప నూర్చాక తేలిన దిగుబడికీ ఉండే తేడా అది. కోత మొదటిరోజు అంచనా మారిందని ఏ రైతూ కళ్లాన్ని అనుమానించడు. ఆ 81 పక్కనే "ఇది మొదటి లెక్క, మారుతుంది" అని పెద్ద అక్షరాలతో వేసి ఉండవలసింది.

కోవిషీల్డ్‌ది వేరే కథ. ఆస్ట్రాజెనెకా టీకాకే మన దేశంలో ఆ పేరు. 2020 నవంబరు 23న ఆస్ట్రాజెనెకా ప్రకటించిన 70 శాతం రెండు అంకెల సగటు. రెండు పూర్తి డోసులు వేసినవాళ్లలో 62, మొదట సగం డోసు పడినవాళ్లలో 90. ఆ సగం డోసు కావాలని వేసింది కాదు, మోతాదు కొలవడంలో వచ్చిన తేడా. జనం దాన్ని పట్టుకున్నారు, పట్టుకోవడం న్యాయమే. అన్నిటికంటే పెద్ద అలజడి బ్రెజిల్‌లో జరిగింది. చైనా వారి సైనోవాక్ టీకా 78 శాతం అని 2021 జనవరి 7న చెప్పి, అయిదు రోజులకే 50.4 అన్నారు. మొదటిసారి వైద్యం అవసరమైన రోగులనే లెక్కపెట్టారు, రెండోసారి ముక్కు కారినవాళ్లను కూడా కలిపారు. పరీక్ష అదే, టీకా అదే. దేన్ని జబ్బు అన్నారన్నదే మారింది. దోమ కనిపించిన ప్రతి దుబ్బునూ లెక్కపెడితే ఒక అంకె, పూర్తిగా ఎండినవాటినే లెక్కపెడితే మరో అంకె. కోవాగ్జిన్‌లో కూడా తీవ్రమైన జబ్బు ఒక్కదాన్నే చూస్తే 93.4 వచ్చింది. ఆ అంకెను మన వీధుల్లో ఎవరూ చెప్పుకోలేదు.

ఫైజర్ 95నూ కోవాగ్జిన్ 78నూ పక్కపక్కన పెట్టి పోల్చడం కూడా అసలు కుదరదు. ఫైజర్ లెక్క 2020లో, ఎక్కువగా అమెరికాలో తీసినది. కోవాగ్జిన్ లెక్క మన దేశంలో, డెల్టా రకం వైరస్ విజృంభిస్తున్న నెలల్లో తీసినది. సార్వాలో ఒకరి చేలో వచ్చిన బస్తాలను దాళ్వాలో, అంటే రెండో పంటలో, ఇంకొకరి చేలో వచ్చిన బస్తాలతో పోల్చి, విత్తనం గొప్పతనం తేల్చలేం. ఆ పెద్దావిడకు నేను ఇది చెప్పి ఉంటే ఆవిడ మనసు కుదుటపడేది.

మే నెలలో మిమ్మల్ని తిప్పి పంపిన సంగతి. మే 13న కేంద్రం కోవిషీల్డ్ గడువును 12 నుంచి 16 వారాలకు పెంచింది. డోసుల మధ్య ఆరు వారాల లోపు ఎడం ఉన్నవాళ్లలో రక్షణ 55 శాతం, పన్నెండు వారాలు దాటినవాళ్లలో 81 శాతం అని ఆ ఫిబ్రవరిలోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కాబట్టి ఆ మార్పుకు ఆధారం ఉంది. అదే సమయంలో టీకాల కొరత కూడా ఉంది, బడి గేటు దగ్గర నిలబడ్డ నాకు అది తెలియనిది కాదు. రెండూ ఒకేసారి రావడంతో, టీకాలు లేకే వాయిదా వేశారని అందరూ అనుకున్నారు. మీ నాన్నగారి నమ్మకం సడలింది ఆ రోజేనని నాకు అనిపిస్తోంది.

2022 జనవరి నాటికి వచ్చింది ఒమిక్రాన్. టీకా పడి ఆరు నెలలయింది, వైరస్ తీరు మారింది. దోమ కూడా కొన్నేళ్లకు తట్టుకునే రకానికి అలవాటు పడుతుందని మీకు తెలుసు. జబ్బు సోకకుండా ఆపడంలో టీకాలు అప్పుడు బాగా వెనకబడ్డాయి. ప్రాణం మీదికి రాకుండా ఆపడంలో చాలావరకు నిలబడ్డాయి. షుగరు, ఆయాసం ఉన్న 70 ఏళ్ల మనిషి నాలుగు రోజుల జ్వరంతో ఇంట్లోనే లేచి కూర్చున్నారు. అది టీకా వల్లేనని ఒక్క మనిషిని చూసి నేను ప్రమాణం చేయలేను. పక్క మడి లేదు కదా. కానీ టీకా పని చేయలేదనడానికి ఆ జ్వరాన్ని సాక్ష్యంగా చూపడమూ కుదరదు.

మీ వీధిలో నడిచే మాటకు వద్దాం. ఒక ఊళ్లో వెయ్యి మంది పెద్దవాళ్లు ఉన్నారనుకోండి. 900 మంది టీకా వేయించుకున్నారు, 100 మంది మానేశారు. టీకా లేనివాళ్లలో నూటికి పదిమంది ఆసుపత్రిలో చేరారు, అంటే 10 మంది. టీకా ఉన్నవాళ్లలో నూటికి ఇద్దరే చేరారు, అంటే 18 మంది. వార్డులో మొత్తం 28 మంది ఉంటే 18 మంది టీకా పడినవాళ్లే. చూసినవాడు చెప్పింది నిజమే. కానీ అక్కడ టీకా ప్రమాదాన్ని అయిదో వంతుకు తగ్గించింది. టీకా వేయించుకున్నవాళ్లు పెరిగేకొద్దీ మంచాల మీద వాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. ఈ లెక్కను నాన్నగారి ముందు కాగితం మీద మీరే వేసి చూపించండి. నోటితో చెబితే ఇది నిలవదు.

కోవిషీల్డ్ వల్ల రక్తం గడ్డకట్టడం గురించి 2024లో వచ్చిన వార్తలు కూడా ఆయన విని ఉంటారు. అది నిజంగా ఉన్న సమస్యే, కానీ చాలా అరుదు. వచ్చినా టీకా తరువాత తొలి వారాల్లోనే వస్తుంది. ఇన్నేళ్ల తరువాత ఆయన దాని గురించి భయపడనక్కరలేదు.

ఇప్పటి రెండు టీకాల గురించి ముందే పూర్తి మాట చెబుతాను. ఫ్లూ టీకా బాగా కుదిరిన ఏడాదిలో డాక్టరు దగ్గరకు వెళ్లవలసినంత ఫ్లూను 40 నుంచి 60 శాతం తగ్గిస్తుంది, కుదరని ఏడాది ఇంకా తక్కువ. వైరస్ మారుతుంది కాబట్టి ఏటా వేయించాలి. న్యుమోనియా టీకాను నెదర్లాండ్స్‌లో 65 ఏళ్లు దాటిన 84 వేల మందికి పైగా మనుషుల్లో పరీక్షించారు. ఆ టీకా గురిపెట్టిన 13 రకాల సూక్ష్మజీవుల వల్ల వచ్చే న్యుమోనియా 45 శాతం తగ్గింది, అవే ఒళ్లంతా పాకే ప్రమాదకరమైన జబ్బు 75 శాతం తగ్గింది. ఇతర కారణాల వల్ల వచ్చే న్యుమోనియాను అది ఆపదు. ఫ్లూ టీకా పడినా మామూలు జలుబు వస్తుంది. ఈ రెండు మాటలూ సూది వేయించే ముందే ఆయనకు చెప్పండి, తరువాత కాదు.

షుగరు, ఆయాసం రెండూ ఉన్న మీ నాన్నగారికి నేనైతే రెండూ వేయిస్తాను. ఫ్లూ టీకా వానలు పట్టేలోపు, నారుమళ్లు పోసే రోజుల్లో అయితే మంచిది. ఆ ఏడాదికి తయారైనదేనా అని సీసా మీద తేదీ చూపించమని అడగండి. న్యుమోనియా టీకా ఏడాదిలో ఎప్పుడైనా సరే. ఏ రకం, ఎన్ని డోసులన్నది ఆయన ఛాతీ డాక్టరుగారు చెబుతారు. సూది రోజు జ్వరం ఉంటే ఆగండి. ఇదంతా విన్నాక కూడా ఆయన వద్దంటే బలవంతం చేయకండి. వచ్చే చలికాలానికి ముందు ఈ కాగితం తీసి మళ్లీ ఒకసారి అడగండి.