పెళ్లికి వెళ్లడానికి డ్రెస్ అప్పు మీద కొనాలా?

ప్రశ్న: నాలుగు నెలల్లో మూడు పెళ్లిళ్లకు వెళ్లాలి. మూడింటికీ వచ్చేది దాదాపు ఒకే స్నేహబృందం. నా దగ్గరున్న మంచి డ్రెస్ పోయిన ఏడాది ఒక పెళ్లిలో వేసుకున్నాను, ఫోటోల్లో కూడా ఉంది. మళ్లీ అదే వేసుకుంటే ఏమనుకుంటారోనని టెన్షన్. పెళ్లికొకటి చొప్పున క్రెడిట్ కార్డు మీద కొని, మెల్లగా తీర్చేయవచ్చా?

జవాబు: మూడు కొనకండి. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఆ 'మెల్లగా' అన్న మాటే. కార్డు బిల్లు గడువులోగా మొత్తం కట్టేస్తే వడ్డీ పడదు. మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన కొద్ది మొత్తం మాత్రమే కట్టి ఊరుకుంటే మిగతా బాకీ మీద వడ్డీ పడుతుంది. నెలకు నూటికి 3 అంటే చిన్నదే అనిపిస్తుంది గానీ, వడ్డీ మీద వడ్డీ చేరి ఏడాది తిరిగేసరికి నూటికి 42 దాటుతుంది. పైగా పాత బాకీ ఉండగా కొత్తగా ఏం కొన్నా, చాలా కార్డుల్లో వడ్డీ లేని గడువు దొరకదు. రెండో డ్రెస్‌కు కొన్న రోజు నుంచే వడ్డీ మొదలన్నమాట. దుకాణంలో వడ్డీ లేని వాయిదాలంటే, ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, ఒకేసారి కడితే ధర తగ్గిస్తారేమో అడగండి.

ఇక అసలు టెన్షన్ సంగతి. సైకాలజిస్టు థామస్ గిలోవిచ్, ఆయన సహచరులు 2000లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. వేసుకోవడానికి సిగ్గుపడేలాంటి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగించి, విద్యార్థులను ఒక్కొక్కరినే తోటివాళ్లున్న గదిలోకి పంపారు. దాదాపు సగం మంది తన టీషర్టును గమనించి ఉంటారని వేసుకున్నవాళ్లు అనుకున్నారు. తీరా అడిగితే ఆ బొమ్మ ఎవరిదో చెప్పగలిగింది సుమారు నాలుగో వంతు మందే. పోయిన ఏడాది పెళ్లిలో మీ పక్కన కూర్చున్నవాళ్లు ఏ రంగు బట్టల్లో వచ్చారో మీకు గుర్తుందా? మీ డ్రెస్ గురించి వాళ్ల పరిస్థితీ అంతే.

అందుకే ఉన్న డ్రెస్‌ను కనీసం రెండు పెళ్లిళ్లకు వాడండి. మూడోది బాగా దగ్గరి వాళ్ల పెళ్లయి, కొత్త బట్టల్లో వెళ్లాలని మనసుంటే ఒకటి కొనుక్కోండి. అందులో తప్పేమీ లేదు. కాకపోతే దుకాణానికి వెళ్లకముందే, చేతిలో ఉన్న డబ్బులోంచి ఎంత పెట్టగలరో రాసిపెట్టుకోండి. ఆ మొత్తంలోనే చెప్పులు, బ్యాగు, కుట్టు కూలి, డ్రైక్లీనింగ్ అన్నీ రావాలి. బడ్జెట్ తప్పేది చాలాసార్లు ఈ తోడు ఖర్చుల దగ్గరే. 18వ శతాబ్దపు ఫ్రెంచి తత్వవేత్త డిడెరోకు ఇంట్లో వేసుకునే కొత్త డ్రెస్సింగ్ గౌను వచ్చాక, దాని పక్కన ఇంట్లో వస్తువులన్నీ పాతగా కనిపించి ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయాడట. దీనికి మానవశాస్త్రవేత్త గ్రాంట్ మెక్‌క్రాకెన్ 1988లో 'డిడెరో ఎఫెక్ట్' అని పేరు పెట్టారు. మీ దగ్గరున్న చెప్పులకు నప్పే రంగు ఎంచుకుంటే ఆ గొలుసు అక్కడే తెగుతుంది.

ధర చూసేటప్పుడు ఎన్నిసార్లు వేసుకుంటారో దానితో భాగించండి. ఒక్కసారి వేసి బీరువాలో పెట్టే చవక డ్రెస్ కన్నా, ధర రెండింతలున్నా ఆరుసార్లు వేసేదే చవక. ఆహ్వానం కూడా ఒకసారి సరిగ్గా చదవండి. పగలా రాత్రా, ఆరుబయటా హాల్లోనా, ఫలానా రంగులో రమ్మన్నారా అన్నది తెలియకుండా కొంటే మళ్లీ కొనాల్సి వస్తుంది. ఇంకెప్పుడూ వేసుకోనిదే కావాలంటే అద్దెకు తీసుకోవడం మేలు. డిపాజిట్, మరక పడితే కోత, ఆలస్యమైతే జరిమానా ముందే తెలుసుకోండి.

ముందు ఈ వారంలోనే పాత డ్రెస్ తీసి వేసుకుని చూడండి. బిగుతైతే కుట్ల లోపల బట్ట మిగిలి ఉందేమో టైలర్‌కు చూపించండి. ఉంటే వదులు చేస్తారు. లేకపోతే, వేరే దారి చూసుకోవడానికి ఇంకా సమయం ఉంటుంది.